పండగ మిగిల్చిన అన్నం

ముక్కనుమ మధ్యాహ్నం. కోనసీమలోని ఆ ఇంటి ముందు నిలబడిన మూడు కార్లలో రెండు అప్పటికే వెళ్లిపోయాయి. మూడోదాని డిక్కీలో కొబ్బరికాయలు, అరటిగెల, అరిసెల డబ్బా, జంతికల డబ్బా, ఆవకాయ సీసా సర్దుతున్నారు.

''కాస్త దప్పళం కూడా పట్టుకెళ్లరా, గిన్నెడుంది'' లోపల్నుంచి తల్లి కేక.

''దారిలో ఒలికిపోతుందమ్మా'' కొడుకు జవాబు.

''పోనీ పులిహోర?''

''నిన్నా మొన్నా అదే కదా మామ్మా!'' అంటూ మనవరాలు కారెక్కేసింది.

కారు వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, ఆవిడ వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీసింది. గిన్నె మీద గిన్నె. దప్పళం, పనసపొట్టు కూర, పప్పు, కోడికూర, గారెలు, పరమాన్నం. పొయ్యి గట్టు మీద పెద్ద తపేలాలో అన్నం. పదమూడు మంది తినగా మిగిలింది. ఇప్పుడు తినాల్సిన మనిషి ఒక్కరే.

సంక్రాంతి అయినా, దసరా అయినా, ఇంట్లో పెళ్లయినా... పండగ అయిపోయిన మర్నాడు చాలా వంటిళ్లలో కనిపించే దృశ్యమే ఇది. దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆ ఇంట్లోనూ మాట్లాడుకోలేదు, ఆవిడ ఆసుపత్రి పాలయ్యేదాకా.

తవ్వకి ముగ్గురు

ఆవిడ కాపురానికి వచ్చిన రోజు అత్తగారు చేతిలో పెట్టింది తాళాలగుత్తి కాదు, కొలపాత్రలు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. తవ్వ బియ్యానికి ముగ్గురు, మానికకి ఆరుగురు, కుంచానికి ఇరవై నలుగురు... ఇదీ ఆ ఇంటి లెక్క. పొలం పనుల రోజుల్లో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. తెల్లారకుండా దుక్కికి వెళ్లి పొద్దెక్కి తిరిగొచ్చిన మనిషి ముందు అన్నం కొండలా పెట్టినా కరిగిపోయేది.

అప్పుడూ మిగిలేది. కాకపోతే మిగిలినదానికి చోటుండేది. రాత్రి అన్నంలో నీళ్లూ మజ్జిగా పోసి ఉంచితే పొద్దున్నే చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాస్త మాగాయ నంజుకుని పిల్లలు తినేసి బడికి వెళ్లేవారు. గంజి తరవాణి కుండలోకి పోయేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల చెక్కులు, గిన్నెల అడుగున అంటుకున్న మెతుకులు పెరట్లోని కుడితి తొట్టిలో పడేవి. సాయంత్రానికి గేదె తాగేసేది. ఆ ఇంట్లో చెత్తబుట్ట అనేదే ఉండేది కాదు.

ఇప్పుడు పొలం కౌలుకిచ్చేశారు. గేదెల్ని అమ్మేశారు. కుడితి తొట్టి బోర్లించి దాని మీద తులసి కుండీ పెట్టారు. పెద్దాయన పోయి కొన్నేళ్లయింది. పెద్దబ్బాయి విశాఖపట్నంలో, చిన్నబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి బెంగళూరులో. అన్నీ మారాయి. మారనిది తవ్వకి ముగ్గురనే లెక్కొక్కటే.

పండక్కి అంతా కలిస్తే పదమూడు మంది. ''ఎవరైనా వస్తేనో'' అని ఇంకో అయిదుగురిని కలుపుకుని ఆవిడ మూడు మానికలు పోస్తుంది. పెద్దబ్బాయికి షుగరు, గరిటెడు అన్నంతో ఆగిపోతాడు. పెద్ద కోడలు రాత్రిళ్లు చపాతీ. అల్లుడు పొద్దున తిన్న గారెలే అరగలేదంటాడు. పిల్లలు నాలుగు బూరెలు తిని విస్తరి ముందు నుంచి లేచిపోతారు. ఒకటిన్నర మానికలు ఖర్చయితే అదే ఎక్కువ. మిగతా సగం అలాగే ఉంటుంది. ఏటా ఇదే.

ఫ్రిజ్‌లో పెడితే చాలనుకుంటే...

ఓ ఏడాది పండగ వెళ్లిన నాలుగో రోజు రాత్రి ఆవిడకి వాంతులు పట్టుకున్నాయి. తెల్లారేసరికి లేవలేకపోయింది. పాల కోసం వచ్చిన పక్కింటాయన చూసి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు రోజులు సెలైన్ పెట్టారు. పెద్దబ్బాయి విశాఖ నుంచి హుటాహుటిన వచ్చాడు.

''ఏం తిన్నారమ్మా?'' అనడిగింది డాక్టరమ్మ.

''ఇంట్లో వండిందే. బయటిదేం తినలేదు. అంతా ఫ్రిజ్‌లోనే పెట్టాను'' అంది ఆవిడ కాస్త రోషంగా.

డాక్టరమ్మ ఓపిగ్గా ఒక్కో ప్రశ్నా వేస్తే అసలు సంగతి బయటికొచ్చింది. అన్నం మధ్యాహ్నం వండింది. రాత్రి దాకా గట్టు మీదే ఉంది. అప్పుడు తపేలాతో సహా ఫ్రిజ్‌లోకి వెళ్లింది. మర్నాడు మొత్తం బయటికి తీసి వేడి చేసి, కొంచెం తిని, మిగతాది మళ్లీ లోపల పెట్టింది. మూడో రోజూ అంతే. నాలుగో రోజూ అంతే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాల రూపంలో ఉండొచ్చు. అన్నం ఉడికే వేడికి కూడా ఆ బీజాలు పూర్తిగా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఒకసారి ఆ విషం తయారయ్యాక అన్నాన్ని మళ్లీ ఎంత వేడి చేసినా అది విరగదు. ఫ్రిజ్‌లో పెట్టడం తప్పు కాదు, ఆలస్యంగా పెట్టడం తప్పు. వండిన పదార్థం ఏదైనా మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దనీ, అయిదు డిగ్రీల కన్నా తక్కువ చల్లదనంలో దాచాలనీ, తినే ముందు లోపలిదాకా పొగలు కక్కేలా వేడి చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తపేలా తపేలాగా పెడితే నడిమధ్య అన్నం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. అందుకే వెడల్పాటి చిన్న గిన్నెల్లో సర్దాలి. ఎంత కావాలో అంతే బయటికి తీయాలి. వేడి చేసింది మళ్లీ లోపలికి వెళ్లకూడదు.

''మరి మేం చిన్నప్పట్నుంచి చద్దన్నం తిన్నవాళ్లమే కదమ్మా?'' అనడిగింది ఆవిడ.

నిజమే. కానీ చద్దన్నం పద్ధతి వేరు. నీళ్లూ మజ్జిగా పోయడంతో అన్నం రాత్రంతా పులుస్తుంది. ఆ పులుపు చాలా రకాల చెడు సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. పైగా తెల్లారగానే తినేసేవారు. నాలుగో రోజు దాకా దాచేవారు కాదు. పులిహోర రెండో రోజుకి రుచి పెరగడంలోనూ చింతపండు పులుపు, ఉప్పు, నూనెలదే పాత్ర. అరిసె నెల్లాళ్లు నిలవ ఉండేది బెల్లంపాకం వల్ల... తడి తక్కువ, తీపి ఎక్కువ. పాతవాళ్లకు సూక్ష్మజీవుల పేర్లు తెలియకపోవచ్చు, ఏది ఎన్నాళ్లుంటుందో మాత్రం తెలుసు. ఫ్రిజ్ వచ్చాక ఆ తెలివి మీద నమ్మకం పోయింది. లోపల పెట్టేస్తే ఎన్నాళ్లయినా ఉంటుందన్న నమ్మకం వచ్చింది.

పారేయొచ్చు కదా!

ఇంటికి తీసుకొచ్చాక పెద్దబ్బాయికి కోపం ఆగలేదు. ''మిగిలితే పారేయొచ్చు కదమ్మా! పదిహేను వందల అన్నం కోసం పాతిక వేల ఆసుపత్రి బిల్లు'' అన్నాడు.

ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి మెల్లగా 1996 గురించి చెప్పింది. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. పిల్లలప్పుడు పట్నంలో చదువుకుంటున్నారు. పెంకుటింటి పైకప్పు సగం ఎగిరిపోయినా, ఈ ఇంటి గోడలు నిలిచాయి. పాకలు పోయినవాళ్లు పాతికమంది దాకా వసారాలో తలదాచుకున్నారు. తడిసిన బియ్యం, తడిసిన కట్టెలు. పొగలో కళ్లు మండుతుంటే ఆవిడా, అత్తగారూ కుంచం చొప్పున వండారు. రెండో రోజుకి బియ్యం అడుగంటాయి. ఆ రాత్రి ఒక పసివాడు తన వాటా తిన్నాక, తల్లి విస్తరిలో మిగిలిన మెతుకులు ఏరుకుని తిన్నాడు.

''వాడి వేళ్లు ఇప్పటికీ కనిపిస్తాయిరా. అన్నం పారబోయడానికి చెయ్యి రాదు'' అంది.

తర్వాత ఇంకో మాట కూడా అంది. ''మీరెళ్లిన రోజు గిన్నెలన్నీ ఖాళీ అయిపోతే ఇల్లు బావురుమంటుంది. ఆ కూరా ఈ పులుసూ ఉంటే ఇంకా పండగ అయిపోలేదనిపిస్తుంది.''

ఆ మాటకి పెద్దబ్బాయి దగ్గర జవాబు లేదు. తల్లి ఎప్పుడూ ఆఖర్నే తింటుందని వాడికి తెలుసు. అందరి విస్తళ్లూ లేచాక, గిన్నెల్లో ఏది మిగిలితే అది ఆవిడ భోజనం. తక్కువ మిగిలితే తక్కువ, పాడవబోయేది మిగిలితే అదే ముందు. ఇంట్లో ఫ్రిజ్ రాకముందు నుంచీ మిగిలింది మిగిలినట్టు తనలో దాచుకున్నది ఆవిడే. దాన్ని ఎవరూ ఒక పనిగా గుర్తించలేదు.

'వేడిగా ఉన్నప్పుడే పెట్టండమ్మగారూ'

పనిలో సాయానికి వచ్చే ఆవిడ సంగతి కూడా ఆ రెండు రోజుల్లోనే తెలిసింది. ముక్కనుమ నాడు ఏటా ఆమెకి ఒక పెద్ద క్యారేజీ నిండా కూరలూ అన్నం కట్టి ఇస్తారు. ఆ ఏడాది ఎందుకో తీసుకోలేదు. ''వద్దమ్మగారూ'' అని వెళ్లిపోయింది. కాస్త పొగరనుకున్నారు ఇంట్లో. ఆసుపత్రి నుంచి వచ్చాక చూడ్డానికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆమే చెప్పింది.

''ఏమనుకోకండమ్మగారూ. పెద్దపండగ నాడు పొద్దున్నుంచీ ఇక్కడే రుబ్బుతాను, కడుగుతాను. గారెలు వేగుతుంటే మా పిల్లలు గుర్తొస్తారు. మూడో రోజు తీసుకెళ్లి పెడితే మా పెద్దోడు ముట్టుకోవట్లేదండి. 'వాళ్లు తినగా మిగిలిందే కదా' అంటున్నాడు. బళ్లో కూడా వేడన్నం, గుడ్డు పెడుతున్నారు కదండీ. పెట్టేదేదో వేడిగా ఉన్నప్పుడే పెట్టండి. కొంచెమైనా చాలు.''

ఆ ఇంట్లో అందరూ కాసేపు మాట్లాడలేదు. ఇచ్చామనుకున్నారు. నిజానికి వదిలించుకున్నారు. వదిలించుకున్నదానికి దానమని పేరు పెట్టుకున్నారు.

బళ్లో పెట్టే ఆ భోజనానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఇదే కోనసీమలోని లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టింది. వేళగాని వేళ ఎవరు తలుపు తట్టినా మళ్లీ పొయ్యి వెలిగించేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ గొప్పతనం మిగిలింది పెట్టడంలో లేదు, వండి పెట్టడంలో ఉంది.

క్యాలెండరు వెనక లెక్క

మరుసటి సంక్రాంతికి మార్పు మొదలుపెట్టింది చిన్న కోడలు. హైదరాబాదులో వాళ్ల అపార్టుమెంటులో ఫంక్షన్ అయినప్పుడు మిగిలే భోజనం కోసం స్వచ్ఛంద సంస్థలకి ఫోన్ చేస్తుంటారు. 2014లో దిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ కార్యకర్తలు హైదరాబాదులోనూ అలా తీసుకెళ్లి పంచుతారు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచేవాళ్లు ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలే తెచ్చింది. అక్కడ ఆమె నేర్చుకున్నది ఒకటే... అందరూ తిన్నాక కాదు, వడ్డన మొదలవక ముందే చెప్పాలి. చెయ్యి పడని అన్నానికే విలువ.

''అత్తయ్యా, ఈసారి ఎవరెంత తింటారో ముందే రాసుకుందామా?'' అంది భోగి ముందు రోజు.

''అన్నం లెక్కపెట్టి వండుతారా ఎవరైనా! అరిష్టం'' అని కసిరింది ఆవిడ.

''మీరు తవ్వకి ముగ్గురని లెక్కపెట్టే కదా వండుతున్నారు?''

పెద్దావిడకి నవ్వొచ్చింది. అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని పాత క్యాలెండరు కాగితం వెనక రాశారు. ఇప్పుడు తినేవాళ్లని బట్టి చూస్తే తవ్వకి అయిదుగురు. పదమూడు మందికి మానికన్నర. పనిలో సాయానికి వచ్చే ఆవిడ ఇంటికి అయిదుగురు అనుకుంటే ఇంకో తవ్వ. మొత్తం రెండు మానికలు. ఏటా పోసే మూడింటిలో ఒకటి తగ్గింది.

పెద్దపండగ నాడు పెద్దలకి పెట్టాక, ఇంట్లో ఒక్క విస్తరి కూడా వేయకముందే క్యారేజీ కట్టారు. పొగలు కక్కే అన్నం, దప్పళం, అప్పుడే దించిన గారెలు, బూరెలు. ఆమె ఇంటికి వెళ్లి పిల్లలకి పెట్టి గంటలో తిరిగొచ్చింది. ''మా పెద్దోడు ఇంకో రెండు బూరెలు అడిగాడండి'' అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తలుపు దగ్గర నిలబడలేదు, లోపలికొచ్చి పీట మీద కూర్చుంది.

కనుమ నాడు మినుము తినాలంటారు. ఎప్పుడూ పిండి రుబ్బిందంతా ఒకేసారి వేయించేసేవారు. ఈసారి రెండు వంతుల పిండి ఫ్రిజ్‌లో పెట్టి, ఎవరు తినడానికి కూర్చుంటే వాళ్లకి వేశారు. మిగిలిన పిండి మర్నాడు అట్లయింది. కొన్ని గారెలు మిగిలితే ఆవపెట్టిన పెరుగులో వేశారు. కోడికూర ఒక పూటకి సరిపడానే చేశారు. దప్పళం మాత్రం కాస్త మిగిలింది. అది మిగలకపోతే దప్పళమే కాదని పెద్దబ్బాయి వాదన.

మధ్యలో ఒక పొరపాటు జరిగింది. కనుమ పశువుల పండగ కదా అని చిన్న మనవడు పళ్లెం నిండా అన్నం పట్టుకుని పక్కింటి గేదె దగ్గరికి పరుగెత్తాడు. పక్కింటాయన ఆపేశాడు. ''అంతన్నం పెడితే దాని కడుపుబ్బిపోద్ది బాబూ. గడ్డి మేసే జీవం అది. పిడికెడు పెట్టు, దణ్ణం పెట్టుకో'' అన్నాడు. వండిన అన్నం ఎక్కువగా తింటే పశువు పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. పట్నాల్లో మిగిలిన అన్నం పాలిథిన్ సంచిలో కట్టి రోడ్డు మీద పడేస్తే ఆవులు సంచితో సహా మింగుతున్నాయి. అది కూడా పుణ్యం కాదు.

మిగిలిన రెండు గిన్నెల అన్నంతో పెద్ద కోడలు వడియాలు పెట్టింది. అన్నం మెత్తగా మెదిపి, జీలకర్ర, ఉప్పు, పచ్చిమిరపకాయల ముద్ద కలిపి, డాబా మీద పాత పంచె పరిచి చిన్నచిన్న ముద్దలుగా పెట్టింది. జనవరి ఎండకి అవి ఎండటానికి మూడు రోజులు పట్టింది. మూడిళ్లకీ తలో డబ్బా. దారిలో ఒలికిపోదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోదే. మన దేశంలో ఒక్కో మనిషికి ఏడాదికి 55 కిలోలు ఇంట్లోనే వృథా అవుతోందని అంచనా. అంత పెద్ద లెక్క ముందు ఒక మానిక బియ్యం తగ్గడం ఏపాటి? కానీ అన్ని టన్నులూ ఇలాంటి వంటిళ్లలోనే, ఇలాంటి తపేలాల్లోనే మొదలవుతాయి.

అడుగున పిడికెడు

ముక్కనుమ నాడు మళ్లీ కార్లు బయల్దేరాయి. ఈసారి రెండే. పెద్దబ్బాయి ఒక రోజు సెలవు పెంచుకున్నాడు. కారణం ఏమీ చెప్పలేదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుతుంటే తపేలా అడుగున పిడికెడు అన్నం ఉంది. ''ఇది కూడా తినేస్తే సరిపోను కదమ్మా'' అన్నాడు.

''రాత్రికి అన్నం గిన్నె ఖాళీగా ఉండకూడదురా'' అంది ఆవిడ. ''లెక్కలో తప్పు కాదిది. కావాలనే ఉంచాను.'' అందులో నీళ్లు పోసి, గరిటెడు మజ్జిగ కలిపి మూత పెట్టింది.

పొద్దున్నే లేచేసరికి ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు గిన్నె, పక్కన ఆవకాయ బద్ద. గిన్నెలోనే తినబోతోంది, ఎప్పట్లాగే. పెద్దబ్బాయి ఒక మాటా అనకుండా రెండు పళ్లేలు తీసుకొచ్చాడు. ఉల్లిపాయ తరిగాడు. పిడికెడు అన్నాన్ని రెండు పళ్లేల్లోకి సమంగా వడ్డించాడు.

''నీకు షుగరు కదరా'' అంది తల్లి.

''సగం పిడికెడుకి ఏం కాదులే. నువ్వు తిను'' అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ కొలపాత్రలు తీసింది. తవ్వని పక్కన పెట్టింది. ఇద్దరికీ కలిపి గిద్దన్నర బియ్యం కొలిచి, చెయ్యి ఒక్క క్షణం ఆగి, అలవాటుగా ఇంకో గుప్పెడు పోసింది.